బీరువాలో రాత్రి

తులసివనం ఏదీ లేదు ఇక్కడ, చెడగొట్టడానికి.
రోస్టాక్‌లో ఆరో అంతస్తు,
కిటికీ అద్దం మీద బాల్టిక్ ఉప్పు,
పడగ్గదిలో ఒక బట్టల బీరువా.
కోట్లన్నీ తీసేశాడు హెన్నింగ్.
పెళ్ళికి కుట్టించిన నల్లకోటు మాత్రం
ఎటు పెట్టాలో తోచక
తలుపు వెనక వేలాడుతోంది.

మూడు బకెట్లు. మూడు మొక్కలు.
చట్టం మూడే అంది.
నాలుగోది మొలిస్తే తనే పీకేసేవాడు.
ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపిన మనిషి,
నడిరాత్రి, రోడ్డు మీద పిట్ట లేకున్నా
ఎర్రదీపానికి ఆగే మనిషి.

మట్టి లేదు.
వేళ్ళు నీళ్ళలో పుట్టి నీళ్ళలోనే సాగాయి,
తలంటుకి విప్పిన ముసలమ్మ జుట్టులా.
అడుగున గాలిరాయి గుడగుడ.
మొదటి వారం ఆ చప్పుడుకి నిద్రపట్టలేదు,
మూడో వారం కరెంటు పోయి
అది ఆగగానే లేచి కూచున్నాడు.

ఆదివారం ఆదివారం గాజుగొట్టంలో చుక్కలు వేస్తాడు.
నీళ్ళు పసుపుకి తిరిగితే పులుపెక్కువ,
నీలానికి తిరిగితే చప్పన.
దీపం దగ్గర పెట్టి, కన్ను చికిలించి,
చారు రుచి చూసే వంటమనిషంత అనుమానంగా.

అతనిది రాత్రి డ్యూటీ.
అక్కడ డిపోలో బండికి దీపాలు వేసే వేళ
ఇక్కడ వీటికి పొద్దు పొడుస్తుంది.
పొద్దున ఎనిమిదికి వచ్చి బూట్లు విప్పుతాడు,
టైమర్ టిక్కుమంటుంది,
నలుగురికీ ఒకేసారి చీకటి.

పూత పట్టాలంటే
పన్నెండు గంటలు చిల్లులేని రాత్రి కావాలట.
తలుపు సందులకి నల్లటేపు వేశాడు.
ఛార్జర్ మీద ఆవగింజంత పచ్చచుక్క,
దానిక్కూడా వేశాడు.

అన్నీ ఆడవే.
తెల్లటి వెంట్రుకలు చాచి
ఎగిరొచ్చే పుప్పొడికోసం చూస్తాయి.
రాదు. ఆ చూపంతా జిగురవుతుంది.
మామిడి సొన వాసన, కాస్త కిరసనాయిలు,
వేలికంటితే సబ్బుకి లొంగదు,
ట్రామ్ హ్యాండిల్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది.

పూత మొదలైన ఇరవయ్యో రోజు
అతనికి హెర్నియా ఆపరేషన్. ఆరు రోజులు ఆసుపత్రి.
తాళంచెవి పై అంతస్తు ఫ్రౌ టీడెమాన్ చేతికిచ్చి
కాగితం మీద రాశాడు:
రాత్రి ఎనిమిది దాటాకే. పగలు తెరవొద్దు.

ఆమెకి డెబ్భై తొమ్మిది.
పాత తూర్పు జర్మనీలో ఇరవై రెండేళ్ళు
కీరదోస గాజుశాలలో పనిచేసింది.
బకెట్లు చూసి నవ్వింది,
మేమూ మట్టిలేకుండానే, కంకరలో, అంది.
రాత్రి నీళ్ళు పోసింది, చెప్పినట్టే.
మధ్యాహ్నం కూడా వచ్చింది, చెప్పకుండా.
టార్చి ఒళ్ళో పెట్టుకుని
బీరువా తలుపు తెరిచి మంచం మీద కూచుంది.
ఏం మాట్లాడిందో వాటికే తెలియాలి.

నెల తిరగకుండా
మొగ్గల మధ్య గోరంత పచ్చటిది కనిపించింది,
అరటిపండు ఆకారంలో.
నిద్ర చెడిన మొక్క
మగవాడు రాడని తేల్చుకుని
తనే అయింది.
ఆ తర్వాత గింజలు. ఎక్కడ నొక్కినా గింజలే.

పైకెళ్ళాడు. మెట్ల మీద మాటలు కూర్చుకున్నాడు,
కుట్లు ఇంకా లాగుతున్నాయి.
ఆమె తలుపు తీసి అతని చేతిలోది చూసింది.
“అంతసేపు చీకట్లో ఒక్కళ్ళనీ ఎలా వదిలేస్తాం?”
కూర్చుకున్న మాటల్లో దీనికి జవాబు లేదు.

కోసి, ఖాళీ హ్యాంగర్లకి తలకిందులుగా కట్టి
పది రోజులు ఆరబెట్టాడు.
ఈ పొద్దున, డ్యూటీ దిగి, ఆమె బల్ల ముందు.
న్యూస్‌పేపరు మీద గింజలు ఏరుతున్నారు.
ఆమె పదేసి కుప్పలు పెడుతోంది
సాయంత్రం ఎవరో లెక్క అడుగుతారన్నట్టు.
నూట నలభై దగ్గర అతని తల వాలింది.
గడియారం ఎనిమిది దాటింది.

ఆమె లేచి కర్టెన్ లాగింది.
మళ్ళీ వచ్చి కూచుని
రేడియో మీద వెలిగే పచ్చచుక్కకి
బొటనవేలు ఆనించి
అలాగే ఉంచింది.